ఖాజీపేట జంక్షన్ – ఆగే బండి విలువ

ఓరుగల్లు గొప్పతనమును చెప్పవలసి వచ్చినపుడు అందరూ కోటను, వేయిస్తంభాల గుడిని, భద్రకాళి చెరువును తలచుకొందురు. అది న్యాయమే. కాని పుస్తకాల సంచి భుజమున వేసికొని చుట్టుపట్ల ఊళ్ల నుండి ప్రతిదినము చదువుకొన వచ్చే మావంటివారికి ఈ నగరపు సింహద్వారము ఖాజీపేట రైల్వేస్టేషను. కాకతీయుల కీర్తితోరణము కంటె ముందుగా మాకు పరిచయమైనది ఆ స్టేషనులోని మెట్ల వంతెనయే.

ఆ పేరులోనే ఒక ముచ్చట ఉన్నది. ‘ఖాజీ’ అరబ్బీ నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి మనకు వచ్చిన మాట. ‘పేట’ మన మాట. వరంగల్ ఖాజీగా పనిచేసిన హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ గారి దర్గా ఇచ్చటనే గలదు. ఏటేటా సఫర్ మాసములో జరిగే ఉర్సుకు మతభేదము లేక జనులు వత్తురు. రెండు భాషలు కలసి ఒక ఊరి పేరైనవి. రెండు భాషలలో వెలువడే మన సంచికకు ఇంతకంటె తగిన విషయము మాకు తోచలేదు.

నిజాము కాలపు రైల్వే కంపెనీ వేసిన పట్టాలు సికింద్రాబాదు నుండి వరంగల్ మీదుగా సాగి 1889 నాటికి బెజవాడను చేరినవి. 1929లో ఖాజీపేట–బల్లార్షా మార్గము పూర్తి అగుటతో దిల్లీకి, మద్రాసుకు నడుమ సూటిదారి ఏర్పడి, ఈ జంక్షను ప్రాముఖ్యము పెరిగినది. విచిత్రమేమనగా, నేడు ఆ దారిన పోయే దిల్లీ–చెన్నై బండ్లలో పెక్కు ఖాజీపేట ముఖమే చూడవు. ఇంజను దిశ మార్చే పని లేకుండ అడ్డదారిన నేరుగా వరంగల్ స్టేషనుకు పోవును. పోనిండు! దూరముగా పోయే బండి కూత మాత్రమే వినిపించును. ఆగిన బండియే మనిషిని దించును.

ఉదయము వచ్చి చూచినచో ఈ స్టేషనులో రెండు లోకములు కనబడును. గోల్కొండ, శాతవాహన, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌ల కొరకు పెట్టెలతో, పిల్లలతో నిలిచిన దూరప్రయాణికులు ఒకవైపు. సీజను టికెట్టు జేబులో పెట్టుకొని వచ్చే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, కూరల గంపలవారు, విద్యార్థులు మరొకవైపు. జనగామ, రఘునాథపల్లి, ఘనపూర్ నుండి కొందరు. జమ్మికుంట వైపు నుండి కొందరు. ఘనపూర్ అయితే తన పేరుకు ముందు ‘స్టేషన్’ అను మాటను చేర్చుకొని స్టేషన్ ఘనపూర్ అయినది. రైలు ఆగుట ఒక ఊరికి ఎంతటి భాగ్యమో చెప్పుటకు వేరే సాక్ష్యమేల?

ఆ పాసింజరు పెట్టెయే మాకు మరొక తరగతి గది. ఒకరు లేచి ఒకరికి చోటిత్తురు. పరీక్షల దినములలో ఒకే పుస్తకము నలుగురి చేతులు మారును. ఉర్దూ మీడియము వారు కుడి నుండి ఎడమకు, మేము ఎడమ నుండి కుడికి వ్రాసికొనుచు ఒకరి అక్షరములు ఒకరము నేర్చుకొన్నాము.

2020 మార్చిలో కరోనా వలన దేశమంతట ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినవి. తిరిగి నడచినపుడు అనేక పాసింజరు బండ్లు ప్రత్యేక రైళ్ల పేరిట, ఎక్స్‌ప్రెస్ చార్జీతో వచ్చినవి. 10 రూపాయల కనీస చార్జీ 30 రూపాయలైనది. 2024 ఫిబ్రవరిలో గాని పాత చార్జీ మరల రాలేదు. రానుపోను 60 రూపాయలు ఉన్నవారికి లెక్క కాదు. కూలికి పోయే ఇంట ఇద్దరు పిల్లలు చదువుచున్నచో అది దినమునకు 120 రూపాయలు. అట్టి ఇంట ముందుగా ఆగునది ఆడపిల్ల చదువే. మా బండిలో వచ్చే చెల్లెళ్లలో ఒకరిద్దరు మరల కనబడలేదు. కిటికీ ప్రక్కన వారు కూర్చుండే చోటును ఇప్పటికి వారి పేరుతోనే పిలుచుకొందుము.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము చిన్నది. తొలి బండికి దిగినవారు తరగతుల వేళ వరకు కూర్చుండి చదువుకొనుటకు గ్రంథాలయము కొంత ముందుగా తెరిపించండి. సాయంకాలపు బండి వేళను చూచి చివరి పీరియడును నిర్ణయించండి. బండి ఆలస్యమైన దినమున గైరుహాజరు వేయుటకు ముందు ఒకమారు విచారించండి. వీనికి ధనము అక్కరలేదు, దయ చాలును.

సోదర విద్యార్థులారా! మనలో పెక్కుమంది రేపు ఉద్యోగములకై ఖాజీపేటలో ఆగని బండ్లు ఎక్కి దూరదేశములకు పోవుదుము. పోవుట తప్పు కాదు. కాని చిన్న స్టేషనులో మనకొరకు ఆగి, మనలను ఎక్కించుకొన్న ఆ నెమ్మది బండిని మరువరాదు. మన వెనుక వచ్చే పిల్లలకొరకు అది ఆగుచున్నదో లేదో అప్పుడప్పుడు విచారించవలెను.