ఒక్క యూనిట్

మా ఇంట్లో షుగర్ ఇద్దరికి: అమ్మమ్మకి, మా పిల్లి బుజ్జికి. అమ్మమ్మకి వేలు గుచ్చి చూస్తాం, బుజ్జికి చెవి అంచు. దానికి పన్నెండు గంటలకోసారి ఒక్క యూనిట్ ఇన్సులిన్, అదీ తిన్నాకే.

మొన్న ఎగ్జామ్ హడావిడిలో గిన్నె చూడకుండా సూది వేసేశాను. రెండు గంటల్లో బుజ్జి తూలి పడిపోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మమ్మే వేలికి తేనె రాసుకుని దాని చిగుళ్ళకి పూసింది.

"నాకూ ఓసారి ఇలాగే అయిందిరా. ఇంట్లో ఎవరూ లేరు. పంచదార డబ్బా దాకా పాక్కుంటూ వెళ్ళాను" అంది.

ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. బుజ్జి బతికింది. ఇప్పుడు నా ఫోన్‌లో రెండు అలారాలు: "బుజ్జి తిందా?", "అమ్మమ్మ తిందా?"