నీళ్ళ అడుగున ఏముంది?

చాలా రోజుల తర్వాత రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నాది కూనవరం మండలం, కోయ కుటుంబం. శబరి, గోదావరి కలిసే చోటికి దగ్గర్లోనే మా ఊరు. ఇప్పుడు మాల్టాలో చదువుకుంటున్నా. మధ్యధరా సముద్రంలో, ఇటలీకి దక్షిణాన ఉన్న చిన్న దీవుల దేశం ఇది. సాయంత్రాలు హోటల్ కిచెన్‌లో పని. ఆ పక్క సందులోనే స్కూబా డైవింగ్ నేర్పే స్కూల్ ఉంది. తడి సూట్లతో నవ్వుకుంటూ వచ్చేవాళ్ళని రోజూ చూసి చూసి, నాలుగు నెలలు డబ్బులు దాచుకుని నేనూ చేరిపోయా.

మొదటి రోజు 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. ఏట్లో పెరిగినోళ్ళం, మనకదొక లెక్కా? పైగా ఈ సముద్రంలో ఉప్పు ఎక్కువ, మనిషిని తేలిగ్గా మోస్తుంది. కిందికి దిగాలంటేనే నడుముకి సీసం బరువులు కట్టుకోవాలి.

అసలు కష్టం రెండో రోజు వచ్చింది. నీళ్ళ కింద మోకాళ్ళ మీద కూర్చుని, మాస్కులోకి నీళ్ళు రానిచ్చి, ముక్కుతో గాలి ఊది వాటిని బయటికి పంపాలి. నీళ్ళు ముక్కుకి తగలగానే నాకు 2022 జూలై గుర్తొచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజులు. శబరి ఎగపోటుకి మా ఇల్లు కప్పుదాకా మునిగింది. గుట్ట మీద పరదా కింద కూర్చుని నాయన ఇంటి వైపే చూస్తా ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. అంతే, గబుక్కున పైకి లేచేశా.

లోతు ఛాతీదాకే కాబట్టి ఏమీ కాలేదు. టీచరమ్మ తిట్టలేదు. "భయమేస్తే పైకి పరిగెత్తకు. ఆగు, ఊపిరి తీసుకో, తర్వాత ఆలోచించు" అంది. ఎందుకో కూడా చెప్పింది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు అవుద్ది. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకొస్తే, అది ఉబ్బి ఊపిరితిత్తుల్ని చీల్చేస్తుంది. అందుకే ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. ఇదే మొదటి నియమం. మూడోసారికి మాస్కు ఖాళీ చేయగలిగా.

చివరి డైవ్‌లో 18 మీటర్లు దిగాం. ఈ కోర్సుకి అదే హద్దు. అడుగున పొసిడోనియా గడ్డి, గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతోంది. అది నాచు కాదంట, పూలు పూసే మొక్కంట.

ఆ రాత్రి నాయనకి ఫోన్ చేశా. "డబ్బులిచ్చి మరీ మునిగావా?" అని నవ్వాడు. కాసేపాగి "అడుగున ఏముందిరా?" అన్నాడు. గడ్డి గురించి, చేపల గురించి చెప్పా. "రేపు మన ఊరు కూడా అట్టాగే కనపడతదేమో" అన్నాడు. మా ఊరు పోలవరం ముంపు జాబితాలో ఉంది. నాకు జవాబు దొరకలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వరద చూసినోళ్ళకి నీళ్ళంటే భయం ఉంటది, సిగ్గుపడొద్దు. నేర్చుకోవాలనుంటే మాల్టా దాకా రానక్కర్లేదు, విశాఖ రుషికొండలోనూ నేర్పుతున్నారు. డౌట్లుంటే అడగండి, తెలిసింది చెప్తా.

జై ఆదివాసీ.