రెండంగుళాల జాగా

మా ఆవిడ ఈ మధ్య నా బుల్లెట్ ఎక్కడం మానేసింది. గుంటూరు నుంచి తెనాలి ఎంత దూరం గనక? 25 కిలోమీటర్లు. అయినా, "మీరు బండిమీద రండి, నేను బస్సులో వస్తాను" అంటుంది. పెళ్లయిన కొత్తలో ఊళ్లన్నీ నా వెనక కూచునే తిరిగిన మనిషి! చెప్పొద్దూ, నాకు మనసు చివుక్కుమంది.

పైగా, నడుంనొప్పి అంటోందని కిందటేడే వెనక సీటుకు బ్యాక్‌రెస్టు కూడా వేయించానాయె. ఇనప గొట్టాల చట్రం, దానికి మెత్తటి రెక్సిను దిండు. ఇంకేం లోటు?

మొన్న సర్వీసింగుకు వెళ్తూ, బలవంతాన ఆవిణ్ణీ తీసుకెళ్లాను. మెకానిక్కు కుర్రాడు మా ఇద్దర్నీ బండిమీద చూసి, "అమ్మగారికి అసలు జాగా ఏదండీ?" అన్నాడు. దిండు ఆవిణ్ణి వీపుమీద పెట్టి నెడుతోంది. ముందేమో నేను!

"మరి చెప్పవేం?" అన్నాను.

"ముచ్చటపడి వేయించారు కదా, బాగులేదని ఎలా అనను?" అంది.

ఏడాదిపాటు ఆ నెట్టుడు భరించిందన్నమాట.

చూస్తే, బ్రాకెట్టుకున్నవి గుండ్రటి బెజ్జాలు కావు, పొడుగాటి గాళ్లు. కుర్రాడు నట్లు వదులు చేసి, చట్రాన్ని రెండంగుళాలు వెనక్కి లాగాడు. అటూ ఇటూ టేపుతో కొలిచి, వాషర్లు వేసి బిగించాడు. మమ్మల్ని కూచోబెట్టి బండిని కిందికి అదిమి, చట్రం మడ్‌గార్డుకు తగలడంలేదని చూసుకున్నాడు.

"ఇంకో రెండంగుళాలు లాగవయ్యా" అన్నాను ఉదారంగా.

"వద్దండీ. బరువు వెనక ఇరుసు దాటి వెనక్కి పోయేకొద్దీ ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిలు పట్టు తప్పుతుంది. బోల్టులమీదా లాగుడెక్కువ. ఇంకా జాగా కావాలంటే..." అని ఆగి, నసుగుతూ, "తమరే కాస్త ముందుకు జరగాలి" అన్నాడు.

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మారుమాట్లాడకుండా ట్యాంకు దగ్గరికి జరిగాను. ఇన్నేళ్లుగా ఆ సీటులో నా వాటాకు మించి కూచున్నానని అప్పుడు తెలిసింది. పానాతో దొరికింది రెండంగుళాలే. నేను జరిగితే వచ్చింది అంతకన్నా ఎక్కువే.

నిన్న తెనాలిలో పెళ్లికి ఇద్దరం బండిమీదే వెళ్లాం. దారిలో ఆవిడ నా భుజంమీద చెయ్యి వేసి, "కాస్త మెల్లిగా పోనివ్వండి, తొందరేముంది?" అంది.