ఆవని కొండకు తెల్లవారకముందే

శివరాత్రి దాటి, వేపచెట్లు పూతపట్టే రోజులు వచ్చేసరికి మన ఇళ్ళలో ఆవని ప్రయాణం మాట వస్తుంది. కోలారు జిల్లాలో, ముళబాగిలుకు సుమారు 13 కిలోమీటర్ల దూరాన వున్నది ఆవని. బంగారు గనుల ప్రాంతంలో తరతరాలుగా వున్న తెలుగువారికి అది పరాయి వూరు కాదు. 2001లో గనులు మూతపడి కొన్ని కుటుంబాలు తలో దిక్కుకూ వెళ్ళినా, మొక్కులు మాత్రం అక్కడే వున్నాయి.

కొండ క్రింద నొళంబ రాజుల కాలంనాటి ఆలయాలు వున్నవి. రామ, లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేర వేర్వేరు లింగాలు. కన్నకొడుకులని ఎరుగక లవకుశులతో పోరాడిన దోషం పోవడానికి వాటిని ప్రతిష్ఠించారని స్థలపురాణం. వాల్మీకి ఆశ్రమం ఇక్కడే వుండేదనీ, సీతమ్మ పిల్లలను కన్నది ఇక్కడేననీ చెప్పుకొంటారు. ఆ తల్లి గుడి కొండమీద వున్నది. సంతానం కోరేవారు ఆమెకే మొక్కుకొంటారు.

ఫాల్గుణ చైత్రాలలో దారి పొడిగా వుంటుంది. వానకాలపు పాచి వుండదు. అయితే ఎండిన గడ్డి, గరుకు ఇసుక బండలమీద చేరి కాలు జారుస్తాయి. ఎక్కేటప్పటికన్న దిగేటప్పుడే ఈ సంగతి బాగా తెలుస్తుంది. నల్లరాయి వేడిని త్వరగా విడిచిపెట్టదు. పది గంటలు దాటితే చెప్పులు లేని కాలికి బండ నిప్పుకణికే. సాయంత్రం ఎండ తగ్గినా రాయి ఇంకా వేడి చిమ్ముతూనే వుంటుంది. అందుచేత ఈ నెలల్లో కొండకు తగిన వేళ తెల్లవారుజామే.

మేము చైత్రంలో వెళ్ళినప్పుడు మాతో పెద్దమ్మ కూడ వచ్చింది. వయసు డెబ్బై దాటినది. దర్శనమయ్యేదాకా పచ్చినీళ్ళు ముట్టనని ఆమె పట్టుదల. సగం దూరం ఎక్కేసరికి కాళ్ళు వణికి బండమీద కూర్చున్నది. "పెద్దమ్మా, పిల్లలకోసం అన్ని కష్టాలు పడిన తల్లి గుడికి పోతున్నాము. నీవు ఇక్కడ పడిపోతే ఆమె సంతోషిస్తుందా?" అన్నాము. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఏదీ, ఆ మజ్జిగ ఇట్లా ఇయ్యండి" అన్నది. దర్శనం చేసికొని, బండ కాలకముందే క్రిందికి వచ్చాము.

మొక్కులో ఉపవాసం, వట్టికాళ్ళు పెద్దల ఇష్టం. వాటిని మాన్పించమని మేము చెప్పము. కాని ఆ మొక్కు క్షేమంగా తీరే వేళను చూచిపెట్టవలసిన బాధ్యత వెంట వెళ్ళే పడుచువారిది. ముందురోజే ముళబాగిలు చేరితే తెల్లవారక ముందే బయలుదేరవచ్చు. మనిషికి రెండు లీటర్ల నీరు, కొంచెం ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, పెద్దవారికి ఒక చేతికర్ర చాలు. కోతులున్నవి గనుక పండ్లు, పూజాసామగ్రి మూతపెట్టిన సంచిలో వుంచాలి. దిగేటప్పుడు పడుచువారు ముందు, పెద్దవారు వెనుక నడిస్తే, కాలు జారినా ఆసరా వుంటుంది.

పైనుండి చూస్తే చెరువులు, మామిడితోటలు, దూరంగా గుండ్రాళ్ళ కొండలు కనిపిస్తాయి. తొందరపడక చూడండి, అయితే గడియారాన్ని మరువకండి. తొమ్మిదయ్యేసరికి అందరూ కొండ క్రింద చెట్టునీడన వుంటే, ఆవని యాత్ర చక్కగా జరిగినట్లే.