మా పెరటి కాపురస్థులు

వన్యప్రాణులన్నంతనే పట్టణవాసులకు నల్లమల యడవులును, జంతుప్రదర్శనశాలలును జ్ఞప్తికి వచ్చును. పెరటితలుపు తీసి పదియడుగులు నడచినచో కనబడు ప్రాణులు వారి లెక్కలోనికి రావు. రాజమహేంద్రవరమున మేము నివసించు నింటి వెనుక 80 చదరపు గజముల నేల యింకను మట్టిగానే మిగిలియున్నది. అందొక నూయి, ఒక జామ, ఒక నిమ్మ, రెండు కరివేపచెట్లు, గోడవార మందారములు, వాని మాటున నెండుటాకుల ప్రోగు గలవు. ఇరుగుపొరుగు పెరళ్లన్నియు నొక్కటొక్కటిగా సిమెంటు గచ్చులైనవి. మాకును నట్టి సలహాలు కొఱత లేదు. "పిల్లలు తిరుగు చోటు గదండీ, పాములు వచ్చును. ఆ చెత్త తీయించి గచ్చు చేయింపరాదా?" యని పొరుగింటి గృహిణి యొకరు మాతో ననిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. దానిని గూర్చి ముందు చెప్పెదము.

వంటకు కరివేపాకు కోయునప్పుడు ఆకు నడుమ పిట్టరెట్టవంటి తెలుపు నలుపుల మరక యొకటి కనబడును. అది రెట్ట గాదు. సీతాకోకచిలుక కానున్న చిన్నపురుగు. రెట్టను తినుట కే పక్షియు నాశపడదు గనుక నా రూపమే దానికి కవచము. నాలుగుమారులు చర్మము విడిచిన పిమ్మట నది వేషము మార్చి యాకుపచ్చనిదగును. అప్పుడు పుల్లతో మెల్లగా తాకిచూడుడు: తల వెనుకనుండి యెఱ్ఱని మెత్తని కొమ్ములు రెండు వెలికివచ్చి, ఘాటైన వాసన కొట్టును. తెలియక దులిపి త్రొక్కివేయువారే మెండు. మా యింట మాత్రము లేతకొమ్మలు రెండు దానికి, తక్కినవి పులుసునకు నని పంపకము జరిగినది. అందుండి పుట్టు నల్లని సీతాకోకచిలుకలలో మగవానికి వెనుకరెక్కలమీద తెల్లమచ్చల వరుస యుండును. ఆడువానిలో కొన్ని, పక్షులకు రుచింపని వేఱొక జాతిదాని యెఱ్ఱమచ్చలను ధరించి బ్రతికిపోవును. పుట్టినది మొదలు ఇన్ని వేషములు వేయు ప్రాణిని మనము సుకుమారమునకు గుఱుతుగా చెప్పుకొనుచున్నాము!

వేసవిలో తెల్లవాఱుజామునకే కోకిల మొదలుపెట్టును. తరతరములుగ నా గానమును స్త్రీకంఠముతో పోల్చుట మనవారికి పరిపాటి. కాని యట్లు కుహూ యని స్వరము హెచ్చించుచు పాడునది నల్లని మగకోకిల. ఆడుది గోధుమవన్నెపై తెల్లచుక్కలు గలది. దానికి కీచుకేకలే గాని పాట రాదు. కోకిలకంఠి యని పొగడ్త నందిన సోదరీమణులకు దీనిని విన్నవించుట భావ్యమో కాదో! ఆ యాడుదే కాకిగూటిలో గ్రుడ్డు పెట్టి పోవును. కాకిపిల్లల కంటె ముందుగా పొదుగబడిన పరాయిపిల్లను కాకి నోటికందించి పెంచుట మా జామకొమ్మపై ప్రత్యక్షముగ చూచితిమి.

చూచుట యలవాటైన కొలది, మన యిండ్లలో నీ ప్రాణులను గూర్చి చెప్పుకొను మాటలకును, వాని నడవడికును గల దూరము తెలియవచ్చును. బల్లి మీద పడిన చోటును బట్టి ఫలము చెప్పు పట్టికలు పంచాంగములలో గలవు. అది యొక రాత్రిలో తిను దోమలకు, రెక్కలపురుగులకు పట్టిక లేదు. గుడ్లగూబ యింటిపై వ్రాలెనని యిల్లు పాడుపెట్టినవారును గలరు. ప్రక్కసందులోని పాతమేడ తొఱ్ఱలో కాపురమున్న చిన్నగుడ్లగూబల జంట ప్రతి సంధ్యకును వచ్చి మా నూతిగిలక కఱ్ఱపై కూర్చుండును. అవి పురుగులను, చుంచులను పట్టుకొనిపోవుట తప్ప మాకు చేసిన కీడేమియు కనబడలేదు.

ఇక పాముల సంగతి. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి మ్రొక్కుదుము. పుట్ట కట్టినది చెదపురుగు. పాలు పామునకు ఆహారము గాదు. మఱునాడే పెరటిలో జెఱ్ఱిపోతు కనబడినచో దుడ్డుకఱ్ఱ తెప్పింతుము. ఇది యావుపొదుగునుండి పాలు త్రాగుననియు, నాగుపాముతో జతగూడుననియు జనశ్రుతి. రెండును కల్లలే. దానికి విషము లేదు. ఎలుకలు, కప్పలు దాని భోజనము. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము ననుసరించి దానిని చంపుట నేరము. మ్రొక్కుటకును, చావగొట్టుటకును నడుమ తేఱిపార చూచుట యను పని యొకటి గలదు. అదియే మన యిండ్లలో జరుగుట లేదు.

అయినను భయము వట్టిదని మే మనము. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మృత్యువును తెచ్చునవే. 2000 మొదలు 2019 వఱకు మనదేశమున సుమారు 12 లక్షలమంది పాముకాటు వలన మరణించిరని 2020లో ప్రకటితమైన పరిశోధన యొకటి లెక్కగట్టినది. వారిలో హెచ్చుమంది పల్లెలవారు. కాటుపడినవానిని మంత్రగానికడ కూర్చుండబెట్టుట, గాయము కోయుట, బిగియ కట్టుట ప్రాణాంతకములు. కదలనీయక వెంటనే విషమునకు విరుగుడు సూదిమందు గల యాసుపత్రికి చేర్చుటయే దారి.

కాని పామునకు గచ్చు మందా? పాము ఎలుకకై వచ్చును. ఎలుక మన యన్నపు మెతుకులకై వచ్చును. గచ్చు చేసిన పెరళ్లలోను రాత్రులు ఎలుకలు పరుగిడుట మా మేడమీదనుండి కనబడుచునే యున్నది. వానికి పెట్టు విషము వానితో పోదు. దానిని తిన్న యెలుకను తిను గుడ్లగూబకును సంక్రమించును. మేము తూములకు తీగెవల బిగించితిమి. కట్టెలమోపును గోడకు దూరముగా నెత్తుగా పేర్పించితిమి. ఎంగిలి రాత్రి బయట నుంచుట మానితిమి. చీకటిపడిన తరువాత దీపమును, చెప్పులును లేక యెవ్వరును పెరటిలోనికి పోరాదని కట్టడి చేసితిమి. ఎండుటాకుల ప్రోగును మాత్రము వాకిటికి దూరముగ, గోడమూలకు జరిపి యుంచితిమి. వానపాములును, వానికై వచ్చు పిట్టలును దాని నాశ్రయించియున్నవి.

పిల్లలు కనబడిన పక్షులనెల్ల నొక పుస్తకమున వ్రాయుచున్నారు. ఇంతవఱకు 27 చేరినవి. జెముడుకాకి, పికిలి, తేనెపిట్ట మున్నగువాని పేళ్లు ముసలివారు చెప్పిరి. ఆఱింటికి తెలుగుపేరు చెప్పువా రెవ్వరును లేక ఖాళీ విడిచిరి. నెల్లూరిలో వైద్యుడుగా నుండిన జెర్డను దొర 1862 మొదలు 1864 వఱకు ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథమున నింగ్లీషు పేళ్ల ప్రక్కన తెలుగు పేళ్లనుగూడ చాలవానికి వ్రాసియుంచెను. మన పెరటిపిట్టల పేళ్లకై దొరగారి పుస్తకమును తిరుగవేయవలసి వచ్చినందులకు సిగ్గుపడవలెనో, అతడు వ్రాసి యుంచినందులకు సంతసింపవలెనో తెలియదు. ఖాళీలలో రెండు నిండినవి, నాలుగు మిగిలియున్నవి.