ఒక జలపాతానికి రెండు పేర్లు

విక్టోరియా సరస్సులో బయలుదేరి, క్యోగా సరస్సును దాటి, పడమరకు సాగే నైలు నది ఉగాండా వాయవ్యంలో ఒకచోట ఏడు మీటర్ల రాతి సందులో ఇరుక్కుంటుంది. అంత నదీ ఆ ఇరుకులోంచే దూరి 43 మీటర్ల లోతుకు దూకుతుంది. పై బండ మీద నిలబడితే కాళ్ల కింద రాయి అదురుతున్నట్టుంటుంది. పక్కనున్నవారి మాట వినబడదు.

1864లో శామ్యూల్ బేకర్ అనే ఆంగ్ల యాత్రికుడు దీన్ని చూసి, లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడు రోడరిక్ మర్చిసన్ పేరు పెట్టాడు. సొసైటీ పెద్దను సంతోషపెట్టడానికి నదిని వాడుకోవడం ఆనాటి మర్యాద. ఈ నేలను ఏలిన బున్యోరో రాజు కబలేగ ఆ బేకర్‌తోనూ, తరువాత బ్రిటిష్ సేనలతోనూ పోరాడాడు. 1899లో పట్టుబడ్డాడు. సీషెల్స్ దీవుల్లో రెండు దశాబ్దాలకు పైగా ప్రవాసం గడిపి, స్వదేశానికి తిరిగివస్తూ 1923లో జింజా వద్ద, తన రాజ్యం చేరకుండానే, కన్నుమూశాడు. పావు శతాబ్దం తరువాత, 1948లో, గాంధీ చితాభస్మంలో కొంత భాగాన్ని నైలులో కలిపింది కూడా ఆ జింజాలోనే.

జలపాతానికి కబలేగ పేరు తిరిగి ఇచ్చినవాడు ఇదీ అమీన్. పేరు న్యాయమైనదే, పెట్టినవాడే కాదు. 1972లో భారత సంతతివారిని 90 రోజుల గడువుతో దేశం నుంచి వెళ్లగొట్టినదీ అతడే. అతడి ఏలుబడిలోనూ, ఆ వెనుక వచ్చిన యుద్ధాల్లోనూ తుపాకి పట్టిన ప్రతివాడూ దంతం కోసం, మాంసం కోసం ఈ వనాన్ని కొల్లగొట్టాడు. వేల ఏనుగులుండిన చోట వందలు మిగిలాయి. 1980ల ఆరంభానికి ఉగాండా అడవుల్లో ఖడ్గమృగమన్నది లేకుండా పోయింది. అమీన్ పోయాక మర్చిసన్ పేరు తిరిగొచ్చింది.

నేడు యాత్రికుడు పారా రేవులో పడవెక్కుతాడు. నీటిగుర్రాల గుంపులనూ, ఇసుక తిన్నెల మీద నోరు తెరుచుకు పడుకున్న మొసళ్లనూ చూసుకుంటూ, జలపాతం నురుగు తేలివచ్చే చోటికి చేరతాడు. ఉత్తరపు ఒడ్డు గడ్డిమైదానాల్లో జిరాఫీలు, కోబ్ జింకలు, అదృష్టముంటే సింహాలు. ఏనుగులు మళ్లీ పెరిగాయి. ఇదంతా మనిషి అడుగుపెట్టని ప్రకృతి అని కరపత్రాలు చెబుతాయి. నిజానికి ఇక్కడ ఊళ్లుండేవి. 20వ శతాబ్ది తొలినాళ్లలో అతినిద్ర వ్యాధి ప్రబలినప్పుడు వలస ప్రభుత్వం జనాన్ని ఖాళీ చేయించింది. ఆ ఖాళీ నేల మొదట వేట నియంత్రణ ప్రాంతమై, 1952లో జాతీయ వనమైంది.

ఇప్పుడు మళ్లీ మనుషులు వచ్చారు, యంత్రాలతో. 2006లో ఈ ప్రాంతంలో చమురు బయటపడింది. టోటల్‌ఎనర్జీస్ సారథ్యంలోని టిలెంగా పథకంలో నాలుగు వందలకు పైగా బావులు తవ్వాలన్నది ప్రణాళిక. బావుల స్థావరాల్లో పది వనం సరిహద్దులోపలివే. ఆ చమురును టాంజానియా తీరంలోని టాంగాకు చేర్చే వేడి గొట్టపుమార్గం పొడవు 1,443 కిలోమీటర్లు. రేవులో పాత పంటు ఉన్నచోట వంతెన లేచింది, వనం గుండా తారు రోడ్డు పడింది. బీద దేశం తన చమురును తాను తీసుకోరాదని, శతాబ్దం పైగా చమురు మండించిన దేశాలు ఉపదేశించడం ఉగాండా పాలకులకు మండే మాట. ఆ కోపంలో అన్యాయమేమీ లేదు. ఆ ఆదాయం బున్యోరో రైతు గడప దాకా వస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం వారి వద్ద అంత వేడిగల జవాబు లేదు.

2019లో ఇక్కడే జలవిద్యుత్ ఆనకట్ట ప్రతిపాదన కూడా లేచింది. పర్యాటక వ్యాపారులు వీధికెక్కారు. మంత్రివర్గం వద్దన్నదని ఆగస్టులో ప్రకటన వచ్చింది. ఏడాది తిరగకముందే అధ్యయనానికి అనుమతి ఇచ్చారు.

ఆ ప్రతిపాదన గురిపెట్టింది పక్కనున్న రెండో జలపాతం మీద. 1962 వరదల్లో నైలు గట్టు తెంచుకుని కొత్త పాయ తీసింది. ఉగాండా స్వతంత్రమైన ఏడాది కూడా అదే గనుక ఆ పాయకు ఉహురు అని పేరు పెట్టారు. స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థం. కింది నుంచి కొండెక్కే కాలిబాటలో ఒక మలుపు దగ్గర రెండు జలపాతాలూ ఒకేసారి కనబడతాయి.