పట్టు

డెడ్‌లిఫ్ట్‌లో 80 కిలోల దగ్గర నడుము బానే ఉంది, కాళ్లూ బానే ఉన్నాయి. వేళ్లే చాలించుకున్నాయి. బార్ జారి దభీమని పడింది. "స్ట్రాప్స్ కట్టుకో బ్రో" అన్నాడు ట్రైనర్. వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు.

పోయినేడు నాన్నకి పక్షవాతం వచ్చింది. ముప్పై ఏళ్లు లారీ స్టీరింగ్ తిప్పిన చెయ్యి. ఫిజియోథెరపిస్ట్ రెండు వేళ్లు అందించి "గట్టిగా పట్టుకోండి" అంటే పట్టుకోలేకపోయాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

వేళ్లను ముడిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. అక్కణ్నుంచి స్నాయువులు, కీలుబొమ్మ దారాల్లా వేళ్లని లాగుతాయి. నాన్నకి కండ ఉంది. మెదడు నుంచి కబురే అందట్లేదు. వ్యాయామం మొదలెట్టిన తొలి వారాల్లో నాకు పెరిగిన బలం కూడా చాలావరకు నరాలు నేర్చుకున్నదే, కండ పెరిగింది తక్కువ. అంటే ఇద్దరం ఒకే బళ్లో ఉన్నాం.

డంబెల్స్ మోస్తూ నడిచాను. కడ్డీకి వేలాడాను: మొదట 18 సెకన్లు, ఇప్పుడు 50. ఇంట్లో నాన్న స్పాంజి బంతి నొక్కుతుంటే లెక్కపెట్టాను.

నిన్న బాత్రూంకి తీసుకెళ్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగానే. మంచం దగ్గరికొచ్చాక వదలమంటే వేళ్లు విచ్చుకోలేదు. పక్షవాతం తర్వాత చాలామందికి పట్టుకోవడం కంటే వదలడమే కష్టమని ఫిజియో ముందే చెప్పింది.

"రావట్లేదురా," అన్నాడు.

"తొందరేముంది నాన్నా," అని పక్కన కూర్చున్నాను. కాసేపయ్యాక చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ విప్పాను.